గులకనేలలో కాబెర్నే, బంకమట్టిలో మెర్లో

అందరికీ నమస్కారం.

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు రెడ్ వైన్ అనగానే చాలామంది అక్కడి వైన్‌లకి శ్రేణులు కట్టిన 1855 నాటి వర్గీకరణతో, పెద్ద పెద్ద షాతోల (వైన్ ఎస్టేట్ల) పేర్లతో మొదలుపెడతారు. నేను నీళ్లతో మొదలుపెడతాను. ఆ నేలలోని రాయి రుచి గ్లాసులోకి దిగుతుందని చెప్పుకుంటారు కానీ, అసలు సంగతి ద్రాక్షతీగకి నీళ్లు ఎంత అందుతాయి, ఎప్పుడు తగ్గుతాయి అన్నదే. ఎదిగిన తోటలకి నీళ్లు పెట్టడాన్ని అక్కడి నిబంధనలు మామూలుగా ఒప్పుకోవు. వాన ఇచ్చినదాన్ని నేల ఎలా దాచి ఎలా వదులుతుందో, పంట అలా ఉంటుంది.

జిరోండ్ అనే నదీముఖానికి ఎడమగట్టున మెడాక్ అనే ప్రాంతం ఉంది. ఒకప్పుడు చాలాభాగం చిత్తడి. 17వ శతాబ్దంలో డచ్ ఇంజనీర్లు కాలువలు తవ్వి నీళ్లు బయటికి పంపారు. గరోన్ నది మోసుకొచ్చిన గులకరాళ్ల మెట్టలే అక్కడి అసలు ఆస్తి. వాన నీరు చకచకా కిందికి ఇంకిపోతుంది, రాళ్లు త్వరగా వేడెక్కుతాయి. కాబెర్నే సోవిన్యోన్ ఆలస్యంగా పండే ద్రాక్ష రకం, దానికి ఆ వేడి కావాలి. ఎండాకాలం నడిమికి నీళ్లు తగ్గేసరికి తీగ చిగుళ్లు వేయడం ఆపేస్తుంది. ద్రాక్షపండు చిన్నదిగానే ఉండిపోతుంది. రసం తక్కువ, తొక్క ఎక్కువ. రంగూ వగరూ ఆ తొక్కలోవే.

కుడిగట్టున పోమెరోల్‌కి వెళ్తే లెక్క మారిపోతుంది. అక్కడి పేరున్న పెట్రూస్ తోట కింద ఉన్నది నీలిరంగు బంకమట్టి. మన నల్లరేగడిలాగే తడిస్తే ఉబ్బే స్మెక్టైట్ జాతి. నీళ్లు బాగానే పట్టుకుంటుంది, కానీ తీగకి అంత తేలిగ్గా వదలదు. చల్లటి నేల కాబట్టి కాబెర్నే అక్కడ పండటం కష్టం. ముందుగా పండే మెర్లో రకానికి మాత్రం అదే సరైన చోటు. ఇంత మెత్తని, నిండైన వైన్ బంకమట్టి నుంచి రావడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. పక్కనే సెంట్ ఎమిల్యోన్‌లో సున్నపురాయి మీద కాబెర్నే ఫ్రాంక్ అనే మరో రకం కూడా చక్కగా వస్తుంది.

మెర్లో త్వరగా చిగురిస్తుంది, అందుకే ఏప్రిల్ మంచు దాన్ని కాల్చేస్తుంది. 2017లో అదే జరిగింది. ఇప్పుడు వేసవులు వేడెక్కి, మెర్లోలో చక్కెర, దాంతోపాటు ఆల్కహాల్ పెరిగిపోతున్నాయి. రైతుకి ఇది నిజమైన టెన్షన్. ఈ వేడికి తగ్గట్టుగా, 2021లో ఫ్రాన్స్ బోర్డో, బోర్డో సుపీరియర్ వైన్‌లకి తూరిగా నసియోనాల్, మార్సెలాన్ వంటి కొత్త రకాలను అనుమతించింది. అవి తోటలో 5 శాతం, వైన్ మిశ్రమంలో 10 శాతం దాటకూడదు. ఆ జాగ్రత్త సరైనదే. కొత్త రకం ఏ మట్టిలో కుదురుతుందో తేలాలంటే తీగ ముదరాలి, దానికి ఏళ్లు పడుతుంది.