తలుపుకి అంటించిన కాగితాన్ని సొరుగులో పడేయకండి

అందరికీ నమస్కారం.

మనవాళ్లకి కోర్టు గడప తొక్కడమంటే పరువు పోయినట్టే. అందుకే ఇక్కడ న్యూయార్క్ క్వీన్స్‌లో ఇంటి తలుపుకి హౌసింగ్ కోర్టు, అంటే అద్దె ఇళ్ల తగాదాలు చూసే కోర్టు, కాగితాలు అంటించి కనిపిస్తే, పక్క ఫ్లాట్‌వాళ్లు చూడకముందే పీకి సొరుగులో పడేస్తారు. ఓనర్ గెలవడానికి అంతకంటే ఇంకేమీ అక్కర్లేదు. మీరు జవాబివ్వకపోతే మీ మాట వినకుండానే తీర్పు వచ్చేస్తుంది.

అద్దె బాకీ కేసు వేసేముందు ఓనర్ 14 రోజుల గడువిచ్చి, రాతపూర్వకంగా బాకీ అడిగి తీరాలి. అడగలేదా, అదే మీ మొదటి వాదన. కేసు కాగితాలు అందాక 10 రోజుల్లో క్లర్కు దగ్గర జవాబివ్వాలి. నోటితో చెప్పినా రాసుకుంటారు. హీటర్ పనిచేయలేదనీ, గోడలు చెమ్మ పట్టాయనీ, కట్టిన అద్దె లెక్కలో చూపలేదనీ అప్పుడే చెప్పండి. ఇల్లు ఉండడానికి వీలుగా లేకపోతే జడ్జి అద్దె తగ్గించవచ్చు. ఫోటోలు, మెసేజ్‌లు, రసీదులు దాచుకోండి. లేటు ఫీజులు కలిపితే ఒప్పుకోవద్దు. 2019 నాటి న్యూయార్క్ రాష్ట్ర చట్టం ప్రకారం ఈ కేసులో అడగగలిగింది అద్దె మాత్రమే. లీజు అయిపోయింది, ఖాళీ చేయమనే కేసు వేరు. దాంట్లో తేదీ కాగితం మీదే ఉంటుంది, ఆ రోజు వెళ్లాల్సిందే.

నాకు అన్నిటికంటే భయం కోర్టు వరండా గురించే. సూటు వేసుకున్న ఒకాయన మీ పేరు పిలుస్తాడు. మర్యాదగానే మాట్లాడతాడు. చేతిలో ఫారం పెట్టి, "సంతకం చేస్తే ఇంటికెళ్లిపోవచ్చు" అంటాడు. ఆయన కోర్టు మనిషి కాదు, ఓనర్ లాయరు. ఆ ఫారాన్ని స్టిప్యులేషన్, అంటే రాజీ ఒప్పందం, అంటారు. అందులో జడ్జిమెంట్ (మీ మీద తీర్పు), వారెంట్ (ఖాళీ చేయించే ఆర్డరు) అనే మాటలుంటే, ఒక్క వాయిదా కట్టలేకపోయినా ఇంటి మీదకి వస్తుంది. మొహమాటపడకండి. "లాయర్‌తో మాట్లాడాలి, టైం కావాలి" అనండి. విచారణ వాయిదా అడిగితే కనీసం 14 రోజులివ్వాలని చట్టంలోనే ఉంది.

ఆదాయం తక్కువున్న అద్దెదారులకి ఉచితంగా లాయర్‌ని ఇచ్చే చట్టం దేశంలో మొదట చేసింది న్యూయార్క్ నగరమే, 2017లో. వీసా ఉందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. కేసులు ఎక్కువ, లాయర్లు తక్కువ, కాబట్టి ఇవాళే నగర సహాయ నంబరు 311కి ఫోన్ చేసి టెనెంట్ హెల్ప్‌లైన్ అడగండి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని కోర్టుకి ముందే చెప్పండి, డబ్బు తీసుకోరు. దయచేసి పన్నెండేళ్ల పిల్లల్ని తర్జుమాకి నిలబెట్టకండి.

తీర్పు వచ్చినా ఓనర్ తనంతట తాను తాళం మార్చకూడదు. కోర్టు ఆర్డరుతో ఖాళీ చేయించే అధికారి, అంటే మార్షల్ గానీ షెరీఫ్ గానీ, 14 రోజుల నోటీసిచ్చాకే రావాలి. లీజులో పేరు లేకపోయినా, 30 రోజులు ఉన్న రూమ్మేట్‌కీ ఈ రక్షణ ఉంది. తాళం వేస్తే అది నేరం, పోలీసుల్ని పిలవండి. అద్దె బాకీ కేసులో మార్షల్ వచ్చి ఖాళీ చేయించేలోపు బాకీ మొత్తం కట్టగలిగితే, కావాలని ఎగ్గొట్టారని ఓనర్ రుజువు చేస్తే తప్ప, వారెంట్ రద్దవుతుంది.

కాగితాలు తెచ్చుకున్నవాళ్లు ఈ బల్ల దగ్గరికి రండి. పది రోజుల గడువు దగ్గరపడ్డవాళ్లవి ముందు చూద్దాం.