ఇంట్లో చేసిన జింక్ సన్‌స్క్రీన్ జిడ్డు చర్మానికి పనికొస్తుందా? నల్లగొండ ఎండలో రివ్యూ

ప్రేక్షకులందరికీ నమస్కారం. ఈరోజు నేను ఏ కంపెనీ ట్యూబునూ సమీక్షించడం లేదు. జిడ్డు చర్మం కోసం ఇంట్లోనే కలుపుకునే, జింక్ ఆక్సైడ్ పొడితో పనిచేసే మినరల్ సన్‌స్క్రీన్ ఫార్ములా ఒకటి తీసుకుని, అందులో ఏ పదార్థం ఎందుకుందో, ముఖం మీద అది ఎలా నిలుస్తుందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చెబుతాను. మే నెల తొలి పది రోజుల్లో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, మన నీడ మన పాదాల కిందే దాక్కునే ప్రాంతం ఈ నల్లగొండ, పాలమూరు ప్రాంతం. ఇక్కడ ఏదో ఒకటి పూసుకుంటే సరిపోదు.

ఈ ఫార్ములాలో నూటికి ఇరవై వంతులు జింక్ ఆక్సైడ్. అమెరికాలో సన్‌స్క్రీన్‌లకు అనుమతించిన గరిష్ఠ పరిమితి 25 శాతం కనుక ఇది హద్దులోనే ఉంది. జింక్ అద్దంలా ఎండను వెనక్కి కొడుతుందని చాలామంది అంటారు గానీ, అతినీలలోహిత కిరణాల్లో అత్యధిక భాగాన్ని అది పీల్చుకుంటుంది, వెనక్కి పంపేది కొద్ది భాగమే. అందువల్ల పొడి ఎంత వేశామన్నదొక్కటే కాదు, అది ఎంత సమానంగా పరుచుకుందన్నది కూడా ముఖ్యం. రెండు రేణువుల గుంపుల మధ్య ఖాళీ ఉంటే, ఎండ ఆ ఖాళీలోంచి నేరుగా చర్మానికి చేరుతుంది.

ఈ గాజు పలకను కెమెరా దగ్గరకు తెస్తున్నాను, చూడండి. ఎడమవైపు పూసినది మిక్సీలో తిప్పిన మిశ్రమం. వెలుతురుకు ఎదురుగా పెడితే నూకల్లాంటి తెల్లని చుక్కలు కనిపిస్తున్నాయి. కుడివైపుది, రేణువుల మీద పూత వేసిన జింక్ పొడిని ఆల్కైల్ బెంజోయేట్ అనే తేలికపాటి నూనెతో కల్వంలో కొద్దికొద్దిగా నూరి, ఆ తర్వాతే మిగతా నూనెల్లో కలిపినది. ఇందులో చుక్కలు బాగా తగ్గాయి, అయినా పూర్తిగా పోలేదు. కర్మాగారాల్లో ఈ పనికి ప్రత్యేకమైన మిల్లులు ఉంటాయి, మన వంటింట్లో ఉండవు. తయారీలో అన్నింటికన్నా ఎక్కువ ఓపిక అడిగేది ఈ నూరడమే. పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకుండా మాస్కు పెట్టుకోవాలి.

జిడ్డు చర్మం వారికి నీళ్లు ఎక్కువగా ఉండే తేలికపాటి జెల్ నచ్చుతుంది. కానీ జింక్ అయాన్లు తగిలితే, నీళ్లను చిక్కబరిచే కార్బోమర్‌తో చేసిన జెల్ పలుచబడి విరిగిపోతుంది. అందుకే ఈ ఫార్ములాలో నూనెలో నీటి బిందువులు నిలిచే రకం ఎమల్షన్ (నూనె, నీళ్లు విడిపోకుండా కలిసి ఉండే మిశ్రమం) ఎంచుకున్నారు. ఈ రకం సాధారణంగా బరువుగా, అంటుకున్నట్టు ఉంటుంది. ఆ బరువును తగ్గించడానికి, పూసిన వెంటనే ఆవిరైపోయే ఐసోడోడెకేన్‌ను, చర్మపు నూనెను పీల్చే సిలికా పొడిని మూడు శాతం మేర చేర్చారు. ఐసోడోడెకేన్ మండే ద్రవం కాబట్టి పొయ్యి దగ్గర ఈ పని చేయకూడదు. మొటిమల కోసం సాలిసిలిక్ యాసిడ్ కూడా వేద్దామనుకునేవారు ఆ ఆలోచన మానుకోవాలి. ఆమ్లం జింక్ ఆక్సైడ్‌తో చర్య జరిపి లవణంగా మారిపోతుంది, దాంతో రెండింటి ప్రయోజనమూ తగ్గుతుంది. ఇదే కారణంగా, ఆమ్ల వాతావరణంలోనే పనిచేసే సోడియం బెంజోయేట్ వంటి, క్రీము పాడవకుండా కాపాడే ప్రిజర్వేటివ్‌లను పక్కనపెట్టి, ఫినాక్సీఇథనాల్‌ను ఒక శాతం మించకుండా వాడాలి.

నీటి విషయంలో మన జిల్లావాళ్లకు ఒక మాట. ఎమల్షన్ నిలవడానికి ఎప్సమ్ సాల్ట్‌ను ఒక శాతం లోపు లెక్కగట్టి వేస్తున్న చోట, ఎన్ని లవణాలు ఉన్నాయో తెలియని బోరు నీళ్లు పోయడం అర్థం లేని పని. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారన్నది నిజమే గానీ, ఫ్లోరైడ్ తీసిన నీళ్లు వేరు, ఇందులో పోయాల్సిన డిస్టిల్డ్ వాటర్ వేరు.

ఇక ముఖం మీద. కొద్దిగా రాస్తే చక్కగా కలిసిపోతుంది. అసలు సమస్య రాయవలసినంత రాసినప్పుడే వస్తుంది. ముఖానికి, మెడకు కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండినంత పూస్తే, మన చామనఛాయ మీద బూడిద రంగు తేలుతుంది. ఎరుపు, పసుపు ఐరన్ ఆక్సైడ్‌లను ఒక శాతం మేర కలిపాక ఆ బూడిద రంగు చాలావరకు తగ్గింది, జేబురుమాలుకు మాత్రం కాస్త రంగు అంటింది. జిడ్డు నియంత్రణకు మంచి మార్కులే వేస్తాను. ముక్కు పక్కన మెరుపు మామూలుకన్నా ఆలస్యంగా వచ్చింది, అయితే చెమట పట్టాక సిలికా చేయగలిగింది ఏమీ లేదు.

దీని ఎస్పీఎఫ్, అంటే ఎండకు చర్మం కమలకుండా ఇచ్చే రక్షణ స్థాయి, ఎంతని మీరు అడుగుతారు. ఆ సంఖ్య నేను చెప్పను, దీన్ని ఇంట్లో కలిపిన ఎవరూ చెప్పలేరు. ప్రామాణిక పరీక్షలో కనీసం పదిమంది మనుషుల చర్మంపై, చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి, ఎరుపెక్కడానికి పట్టిన అతినీలలోహిత కిరణాల మోతాదును కొలుస్తారు. జింక్ శాతాన్ని బట్టి వేసే లెక్కలు, అతినీలలోహిత కిరణాలు తగిలితే రంగు మారే పూసలతో చూపే వీడియోలు ఆ పరీక్షకు బదులు కావు. కాబట్టి ఉదయం, సాయంత్రం కాసేపు బయటికి వెళ్లేటప్పుడు గొడుగుతో పాటు దీన్ని వాడుకోవచ్చు. బత్తాయి తోటలో మిట్టమధ్యాహ్నం పనిచేసేవారికి, క్లాక్ టవర్ సెంటర్‌లో నిలబడి అమ్ముకునేవారికి మాత్రం ఇది చాలదు. వాళ్లు తలకు కండువా చుట్టుకుని, పరీక్షించి ఎస్పీఎఫ్ ముద్రించిన సన్‌స్క్రీన్‌ను రెండు గంటలకోసారి పూసుకోవాలి. దీన్ని డబ్బాల్లో నింపి అమ్మాలనుకునేవారికి 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీ లైసెన్సు తప్పనిసరి.

కొబ్బరినూనె, నిమ్మనూనె కలిపే చిట్కాల గురించి ఎక్కువ చెప్పను. మొదటిది చాలామందికి రంధ్రాలు మూసేస్తుంది, రెండోది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలే ప్రమాదం ఉంది.

రాత్రి దీన్ని తీయడానికి ఫేస్‌వాష్ ఒక్కటే చాలదు. ముందు క్లెన్సింగ్ ఆయిల్‌తో కరిగించి, తర్వాత ఫేస్‌వాష్‌తో కడగాలి. జిడ్డు చర్మం వారు ఈ రెండో కడుగుడు బద్ధకించి మానేస్తే, పగలు సిలికా దాచిన జిడ్డంతా చివరికి మొటిమలై తేలవచ్చు.