ఇన్‌స్టాల్ అయింది సరే, మళ్లీ బూట్ అవుతుందా?

అందరికీ నమస్కారం.

నెట్‌వర్క్ మీద ఉన్న స్టోరేజ్‌లోకి ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఇన్‌స్టాల్ చేసి, అక్కడి నుంచే మెషీన్‌ని బూట్ చేయడాన్ని ఎలా టెస్ట్ చేయాలి అన్నది ఈరోజు విషయం. మెషీన్‌లో డిస్కు ఉండదు. దాని డిస్కు ఎక్కడో ఇంకో సర్వర్‌లోనో, నాస్ (నెట్‌వర్క్ స్టోరేజ్) పెట్టెలోనో ఉంటుంది. రెండింటికీ మధ్య ఒక కేబుల్, ఒక స్విచ్. టెస్ట్ రిపోర్టుల్లో దీనికి మామూలుగా రెండే గడులు కనిపిస్తాయి: ఇన్‌స్టాల్ అయిందా, బూట్ అయిందా. రెండు టిక్కులు పెట్టి పంపేస్తారు. నన్నడిగితే ఆ రెండు టిక్కులూ పడ్డాకే అసలు పని మొదలవుతుంది.

ఎందుకో చెప్తాను. మామూలు డిస్కుని ఎవరూ పట్టుకుని ఉండక్కర్లేదు, కరెంటు ఉన్నంతసేపు అది అక్కడే ఉంటుంది. నెట్‌వర్క్ డిస్కు అలా కాదు. దానితో ఉన్న కనెక్షన్‌ని ప్రతి క్షణం ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి. బూట్ అయ్యేలోపు ఆ ఎవరో ఒకరు మారుతూనే ఉంటారు. ముందు మెషీన్‌లోనే ఉండే ఫర్మ్‌వేర్, తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే బూట్‌లోడర్, ఆ తర్వాత సిస్టమ్ గుండెకాయ అయిన కర్నెల్‌తో పాటు మెమరీలోకి వచ్చే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్, చివరికి అసలు సిస్టమ్. చేతులు మారిన ప్రతిసారీ ఐపీ అడ్రస్, టార్గెట్ (డిస్కుని ఇచ్చే సర్వర్ వైపు) పేరు, పాస్‌వర్డ్ అన్నీ కొత్తగా వచ్చినవాడికి చేరాలి. నేను చూసిన బగ్గుల్లో ఎక్కువ భాగం ఈ అప్పగింతల దగ్గరే దొరికాయి. కాబట్టి టెస్ట్ కేసులు కూడా అక్కడే రాయాలంటాను.

ఇదేమీ కొత్త విద్య కాదు. టిఎఫ్‌టీపీ అనే చిన్న ఫైలు బదిలీ పద్ధతితో బూట్ ప్రోగ్రామ్‌ని దించుకోవడం గురించి ఆర్‌ఎఫ్‌సీ 906 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం వచ్చింది 1984లో. మరుసటి ఏడు, బూట్ అయ్యే మెషీన్‌కి ఐపీ అడ్రస్ ఇచ్చే బూట్‌పీ వచ్చింది. నెట్‌వర్క్ నుంచి బూట్ చేయడానికి ఇంటెల్ వాళ్లు రాసిన పిఎక్స్‌ఈ 2.1 స్పెసిఫికేషన్ 1999 నాటిది. డిస్కు బ్లాకుల్ని టీసీపీ మీద పంపే ఐస్కజీకి 2004లో ఆర్‌ఎఫ్‌సీ 3720 వచ్చింది, 2014లో దాని స్థానంలోకి 7143 వచ్చింది. అన్ని పొరలూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మనుషులు రాసినవి. అవి ఒకదానికొకటి సమాచారం అందించుకునే చోట అతుకులు కనిపించడంలో వింతేముంది?

ఒక బూట్‌ని దగ్గర నుంచి చూద్దాం. స్విచ్‌లో ఆ మెషీన్ ట్రాఫిక్ నకలు పంపే పోర్ట్ మిర్రరింగ్ పెట్టి, పక్క లాప్‌టాప్‌లో ప్యాకెట్ క్యాప్చర్ నడుపుతూ మెషీన్ పవర్ ఆన్ చేయండి. మొదట కనిపించాల్సింది ఐపీ అడ్రస్ అడిగి తెచ్చుకునే డిహెచ్‌సీపీ సంభాషణ: డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, ఆక్. కొన్నిసార్లు డిస్కవర్‌లు వెళ్తూనే ఉంటాయి, ఒక్క ఆఫరూ రాదు. ఫర్మ్‌వేర్ విసుగొచ్చి వదిలేస్తుంది. సర్వర్ లాగ్ తెరిస్తే ఆ డిస్కవర్‌లు అసలు అక్కడికి చేరనే లేదు. దొంగ ఎవరంటే స్విచ్. పాత తరహా స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో వలయాలు ఏర్పడకుండా చూసే ఏర్పాటు) ఉన్న పోర్టులో లింక్ లైటు వెలిగాక, వినడానికి 15 సెకన్లు, నేర్చుకోవడానికి 15 సెకన్లు తీసుకుని అప్పుడు ప్యాకెట్లు దాటనిస్తుంది. ఆ 30 సెకన్లలోపే పిఎక్స్‌ఈ ఓపిక అయిపోతుంది. ఆ పోర్టుని ఎడ్జ్ పోర్టుగా, అంటే ఈ నిరీక్షణ లేని పోర్టుగా, పెడితే సమస్య పోతుంది. ఇంతవరకూ చాలామందికి తెలుసు. చాలామంది మర్చిపోయేది ఏమిటంటే, కార్డు పగ్గాలు ఫర్మ్‌వేర్ నుంచి కర్నెల్ చేతికి వచ్చేటప్పుడు లింక్ ఒకసారి పడి లేవొచ్చు. అంటే ఆ 30 సెకన్ల నిరీక్షణ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో రెండోసారి వస్తుంది. మొదటి గండం దాటిన మెషీన్ రెండోదాంట్లో చిక్కుకుంటుంది. తెర మీద మాత్రం రూట్ డివైస్, అంటే సిస్టమ్ ఉన్న డిస్కు, దొరకలేదు అన్న ఒక్క ముక్కే ఉంటుంది.

తర్వాత టిఎఫ్‌టీపీ. ఇది 512 బైట్ల బ్లాకు పంపి, అందింది అన్న జవాబు వచ్చేదాకా ఆగి, అప్పుడు తర్వాతది పంపుతుంది. 60 ఎంబీ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అంటే 1,22,880 బ్లాకులు. ఒక్కో రాకపోకకి ఒక మిల్లీసెకన్ వేసుకున్నా రెండు నిమిషాలు. పైగా బ్లాకు నంబరు 16 బిట్లే. 65,535 దాటాక నంబరు మళ్లీ మొదటికి రావడం తెలియని సర్వర్ గానీ క్లయింట్ గానీ ఉంటే, 32 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. సరిగ్గా అక్కడ ఆగిందంటే కారణం వెతుక్కోనక్కర్లేదు. బ్లాకు సైజు పెంచే ఆప్షన్ ఉంది, ఐపిక్సీ అనే నెట్‌వర్క్ బూట్ ప్రోగ్రామ్‌తో హెచ్‌టీటీపీ మీద దించుకోవచ్చు, ఇప్పటి ఫర్మ్‌వేర్ ప్రమాణం యూఈఎఫ్‌ఐ 2.5 నుంచి ఫర్మ్‌వేరే హెచ్‌టీటీపీ బూట్ చేయగలదు. వీలుంటే టిఎఫ్‌టీపీని వదిలేయండి, అంతకన్నా చెప్పేదేమీ లేదు.

ఇక ఐస్కజీ లాగిన్, 3260 పోర్టు మీద. ఇక్కడ మంచి ఏర్పాటు ఒకటుంది. ఫర్మ్‌వేర్ లేదా ఐపిక్సీ తను వాడిన ఐపీ, టార్గెట్ పేరు, ఇనిషియేటర్ (లాగిన్ అయ్యే మెషీన్) పేరు, పాస్‌వర్డ్ అన్నీ ఐబీఎఫ్‌టీ అనే పట్టికలో రాసి మెమరీలో వదిలి వెళ్తుంది. తర్వాత వచ్చే కర్నెల్ దాన్ని చదువుకుని మళ్లీ లాగిన్ అవుతుంది. విండోస్ సర్వర్ 2008 నుంచి విండోస్ ఇన్‌స్టాలర్ కూడా దీన్ని చూసే డిస్కుని గుర్తుపడుతుంది. లైనక్స్‌లో ఈ వివరాలు సిస్ డైరెక్టరీలో ఫర్మ్‌వేర్ కింద కనిపిస్తాయి. మీరు ఇచ్చిన సెట్టింగులు, అక్కడ కనిపించేవి ఒకటేనా అని ఎప్పుడూ పోల్చి చూడండి. పాస్‌వర్డ్ కూడా అందులో మామూలు అక్షరాల్లోనే ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

ఇన్‌స్టాలేషన్ దగ్గర ఒక తమాషా పేచీ ఉంది. కొత్త డిస్కు ఖాళీగా ఉంటుంది. ఐపిక్సీ దాని నుంచి బూట్ చేయబోతుంది, ఏమీ దొరకదు, కనెక్షన్ తెంపేసి తర్వాతి డివైస్‌కి వెళ్తుంది. ఇన్‌స్టాలర్ అక్కడి నుంచి లేస్తుంది గానీ, ఈలోపు డిస్కు పోయింది. ఇన్‌స్టాలర్‌కి ఇన్‌స్టాల్ చేయడానికి చోటే కనపడదు. అందుకే బూట్ విఫలమైనా డిస్కుని వదలొద్దు అని చెప్పే కీప్-శాన్ అనే సెట్టింగ్ ఐపిక్సీలో ఉంది. ఖాళీ డిస్కుతోనూ, సిస్టమ్ ఉన్న డిస్కుతోనూ రెండు రకాలుగా టెస్ట్ చేయకపోతే ఈ తేడా బయటపడదు.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే సంగతి. దొంగ పాస్‌లు. నిన్నటి బిల్డ్ ఇన్‌స్టాల్ చేసిన డిస్కు మీదే ఇవాళ్టి బిల్డ్ టెస్ట్ చేశారు. ఇన్‌స్టాలర్ బూట్‌లోడర్‌ని సరిగ్గా రాయలేదు. కానీ పాత బూట్‌లోడర్ అలాగే ఉండడంతో మెషీన్ చక్కగా లేచింది. టిక్. ఇంకోటి: మెషీన్‌లో లోకల్ డిస్కు ఉండిపోయింది. ఇన్‌స్టాలర్ రూట్‌ని నెట్‌వర్క్ డిస్కు మీద పెట్టి, ఫర్మ్‌వేర్ బూట్‌లోడర్‌ని వెతికే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని మాత్రం లోకల్ డిస్కు మీద పెట్టింది. బూట్ అయింది. టిక్. ఆ లోకల్ డిస్కు పీకిన రోజున మెషీన్ లేవదు. ప్రతి టెస్టుకి ముందు టార్గెట్ డిస్కుని సున్నాలతో తుడవండి, యూఈఎఫ్‌ఐలో పాత బూట్ ఎంట్రీలు తీసేయండి, లోకల్ డిస్కులు పీకేయండి. బూట్ అయ్యాక కూడా లాగిన్ ప్రాంప్ట్ చూసి సంతోషపడకుండా, రూట్ ఏ డివైస్ మీద ఉందో, అది ఐస్కజీ మీదుగానే వస్తోందో కమాండ్ కొట్టి చూడండి. లోకల్ డిస్కుని ఉంచి చేసే టెస్ట్ కూడా కావాలి, కానీ అది వేరే కేసు. దాని ఫలితాన్ని దీనికి అంటగట్టొద్దు.

సరే, బూట్ అయింది. ఇప్పుడు అసలు సిస్టమ్ లేచి, అలవాటు ప్రకారం నెట్‌వర్క్‌ని కాన్ఫిగర్ చేయడం మొదలుపెడుతుంది. ఇంటర్‌ఫేస్‌ని ఒకసారి కిందికి దించి పైకి లేపుదామనుకుంటుంది. ఇది అచ్చంగా కూర్చున్న కొమ్మని నరుక్కోవడమే. దించే ప్రోగ్రామ్ మెమరీలో ఉంది, దించేసింది. లేపడానికి కావాల్సిన ఫైలు డిస్కు మీద ఉంది, డిస్కు నెట్‌వర్క్ అవతల ఉంది. అయిపోయింది. ఈ స్థితిలో మెషీన్ ఎలా ప్రవర్తిస్తుందో ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. కీబోర్డు నొక్కితే అక్షరాలు తెర మీద పడతాయి. లాగిన్ పేరు అడుగుతుంది, పేరు ఇస్తే అక్కడితో బిగుసుకుపోతుంది. ఇంటర్‌ఫేస్ ఎలాగో మళ్లీ లేచినా సెషన్ పునరుద్ధరణ జరగని సందర్భాల్లో ఇంకా అయోమయం: పింగ్ చేస్తే జవాబు వస్తుంది, ఎందుకంటే పింగ్‌కి జవాబిచ్చేది మెమరీలో ఉన్న కర్నెల్. ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం మధ్యలో ఆగిపోతుంది. మానిటరింగ్ పింగ్ మీదే ఆధారపడితే అంతా పచ్చగా కనిపిస్తుంది. లాగ్ చూద్దామంటే లాగ్ రాయాల్సిన డిస్కే లేదు. అందుకే తెర మీది సందేశాల్ని కేబుల్ మీదుగా ఇంకో మెషీన్‌కి పంపే సీరియల్ కన్సోల్ లేకుండా ఈ టెస్టులకి కూర్చోవద్దు.

దీని తర్వాతి మెట్టు, కావాలని కేబుల్ పీకడం. లైనక్స్‌లో ఐస్కజీ కనెక్షన్లు చూసుకునే ఓపెన్-ఐస్కజీ డిఫాల్ట్‌గా కనెక్షన్ పోయాక 120 సెకన్లు ఎదురుచూసి, అప్పటికీ రాకపోతే పైపొరకి ఎర్రర్ చెప్పేస్తుంది. డేటా డిస్కుకి అది సబబే. రూట్ డిస్కుకి ఎర్రర్ చెప్తే ఫైల్ సిస్టమ్ చదవడానికి మాత్రమే అన్న స్థితికి పోవచ్చు, లేదా పూర్తిగా ఆగిపోవచ్చు. అందుకే రూట్ విషయంలో ఈ గడువుని 86,400 సెకన్లు, అంటే ఒక రోజుకి పెంచి, మధ్యమధ్యలో పంపే కుశల ప్రశ్నల్ని ఆపేయమని ఓపెన్-ఐస్కజీ వాళ్లే సలహా ఇస్తారు. మల్టీపాత్, అంటే డిస్కుకి ఒకటికన్నా ఎక్కువ దారులు, ఉంటే మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ త్వరగా ఎర్రర్ వస్తేనే రెండో దారికి మళ్లుతుంది కాబట్టి గడువు కొద్ది సెకన్లే ఉండాలి. మీ ఇన్‌స్టాలర్ ఈ రెంటిలో ఏది పెట్టిందో చూశారా? కేబుల్ అర నిమిషం పీకి పెట్టడం ఒక టెస్టు. మూడు నిమిషాలు పీకి పెట్టడం పూర్తిగా వేరే టెస్టు, ఎందుకంటే 120 సెకన్ల గీత వాటి మధ్యలో ఉంది. పీకేటప్పుడు మెషీన్ ఖాళీగా ఉండకూడదు. పెద్ద ఫైలు రాస్తూ ఉండాలి, తిరిగి పెట్టాక ఆ ఫైలు చెక్‌సమ్ సరిపోవాలి.

షట్‌డౌన్‌ని టెస్ట్ చేసేవాళ్లు తక్కువ. సిస్టమ్ ఆగేటప్పుడు సర్వీసుల్ని వరసగా ఆపుతుంది, అందులో నెట్‌వర్క్ కూడా ఉంటుంది. రూట్‌ని విడదీయక ముందే నెట్‌వర్క్ ఆగిపోతే మెషీన్ అక్కడే వేలాడుతుంది. లేదా ఆగినట్టే ఆగుతుంది గానీ, తర్వాతి బూట్‌లో ఫైల్ సిస్టమ్ జర్నల్‌ని (మార్పుల చిట్టాని) రికవర్ చేసుకుంటున్నట్టు ఒక లైను కనిపిస్తుంది. మామూలు రీబూట్ తర్వాత ఆ లైను కనిపించిందంటే బగ్ రాయొచ్చు. ముందుసారి షట్‌డౌన్ శుభ్రంగా జరగలేదన్నమాట.

కర్నెల్ అప్‌డేట్ సంగతి కూడా ఇలాంటిదే. అప్‌డేట్‌తో కొత్త ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారవుతుంది. అందులో నెట్‌వర్క్ డ్రైవర్ గానీ ఐస్కజీ భాగం గానీ చేరకపోతే, అప్పటికి ఏమీ తెలియదు. నెలల తర్వాత రీబూట్ చేసిన రోజున తెలుస్తుంది. ఇన్‌స్టాల్, బూట్, అప్‌డేట్, మళ్లీ బూట్. ఈ నాలుగూ ఒకే టెస్టుగా చేయండి. కుదిరితే నెట్‌వర్క్ కార్డు మార్చి ఇంకోసారి. ఇప్పుడున్న హార్డ్‌వేర్‌కి మాత్రమే సరిపడా చేసిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో కొత్త కార్డు డ్రైవర్ ఉండదు, పాత కార్డు మ్యాక్ అడ్రస్ ఎక్కడో ఒకచోట రాసిపెట్టి ఉంటుంది.

జంబో ఫ్రేమ్‌ల గురించి, అంటే మామూలుకన్నా పెద్ద ప్యాకెట్ల గురించి, ఒక్క మాట. రెండు చివర్లా ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000, మధ్య స్విచ్‌లో 1500 ఉంటే పింగ్ వెళ్తుంది, లాగిన్ కూడా అవుతుంది. పెద్ద రీడ్ దగ్గర ఏ ఎర్రరూ లేకుండా ఆగిపోతుంది.

ఇమేజ్‌ని క్లోన్ చేసి పది మెషీన్లకి ఇచ్చేవాళ్లు ఇనిషియేటర్ పేరు మార్చడం మర్చిపోతుంటారు. ఒకే పేరు, ఒకే సెషన్ గుర్తుతో రెండో మెషీన్ లాగిన్ అయితే, పాత మెషీనే మళ్లీ వచ్చిందనుకుని టార్గెట్ మొదటి సెషన్‌ని తెంపేస్తుంది. మొదటిది మళ్లీ లాగిన్ అవుతుంది, రెండోది ఊడుతుంది. ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ ఉంటారు. పేర్లు వేరుగా ఉండి ఇద్దరికీ ఒకే డిస్కు ఇస్తే ఇంకా ఘోరం. ఎవరూ ఊడరు, ఇద్దరూ రాస్తారు. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు ఇద్దరు యజమానుల కోసం చేసినవి కావు, డేటా పాడైపోతుంది.

ఎన్‌ఎఫ్‌ఎస్ రూట్ గురించి, అంటే బ్లాకులు కాకుండా ఫైళ్లనే నెట్‌వర్క్ మీద పంచుకునే పద్ధతి గురించి, అడిగేవాళ్లుంటారు. దానికి బ్లాకు డిస్కు గొడవలు లేవు. వేరే గొడవలున్నాయి. సర్వర్‌లో రూట్ యూజర్‌ని మామూలు యూజర్‌గా మార్చే సెట్టింగ్ ఉంటే ఇన్‌స్టాలేషన్ ముందుకే పోదు. ఫైల్ కెపబిలిటీలు (ప్రోగ్రామ్ ఫైలుకి ఇచ్చే ప్రత్యేక అధికారాలు) ఎన్‌ఎఫ్‌ఎస్ మీద నిలవవు కాబట్టి, వాటిని పెట్టాలని చూసే ప్యాకేజీలు ఇన్‌స్టాల్ మధ్యలో తన్నేస్తాయి. చదవడానికి మాత్రమే ఇచ్చి, మార్పులు పట్టుకునే ఓవర్లే పొరని పైన మెమరీలో వేసుకునే వాడకానికైతే మాత్రం అది హాయి.

ఇదంతా వర్చువల్ మెషీన్లలో చేయొచ్చా? చాలావరకు చేయొచ్చు, చేయాలి కూడా. ఒక వర్చువల్ మెషీన్‌ని టార్గెట్‌గా పెట్టి, ఇంకోదాన్ని డిస్కు లేకుండా లేపితే, ఖాళీ డిస్కు కేసు, అప్‌డేట్ కేసు, షట్‌డౌన్ కేసు రోజూ రాత్రి వాటంతటవే నడుస్తాయి. ఓపెన్‌సుసె, ఫెడోరా వాళ్లు ఇన్‌స్టాలర్ తెరల్ని పోల్చి చూసే ఓపెన్‌క్యూఏ అనే పనిముట్టుని ఇలాంటి వాటికే వాడతారు. అయితే వర్చువల్ స్విచ్‌లో మామూలుగా స్పానింగ్ ట్రీ నిరీక్షణ ఉండదు, ఫర్మ్‌వేర్ ఎప్పుడూ ఒకటే ఉంటుంది. రిలీజ్ ముందు ఒక్కసారైనా రెండు మూడు రకాల నిజం హార్డ్‌వేర్ మీద చూడాల్సిందే.

చివరగా, బగ్ రాసేటప్పుడు నాలుగు ఇవ్వండి: సీరియల్ కన్సోల్ లాగ్ మొత్తం, ప్యాకెట్ క్యాప్చర్, కర్నెల్ కమాండ్ లైన్, ఐబీఎఫ్‌టీలో కనిపించిన వివరాలు. పాస్‌వర్డ్ తీసేసి ఇవ్వండి, క్యాప్చర్‌ని కూడా ఒకసారి చూసుకుని. బూట్ కాలేదు అని ఒక ఫొటో పెడితే డెవలపర్ మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఎలాగూ ఇదే: ఏ దశలో ఆగింది?

ప్రశ్నలుంటే అడగండి.