ఎనిమిదేళ్ల ఓటరు

శ్రోతలకు నమస్కారం.

పోయిన జనవరిలో ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగుతుంటే టెక్సాస్ నుంచి ఫోను. మా అక్క మనవరాలు. డాలస్ పక్కన ప్లానో అనే ఊళ్లో ఉంటారు వాళ్లు. పిల్ల నాలుగో క్లాసు. "అమ్మమ్మా, ఇవాళ నేను ఓటేశాను" అంది.

"నీకు ఓటేమిటే?" అన్నాను.

"మా లైబ్రరీలో. పుస్తకానికి."

విడమరిచి అడిగితే చెప్పింది. వాళ్ల స్కూలు లైబ్రరీలో ఏటా ఇరవై కథల పుస్తకాల జాబితా పెడతారట. వాటిలో కనీసం అయిదు చదివినవాళ్లకే జనవరిలో ఓటు. ఎక్కువ ఓట్లు వచ్చిన పుస్తకం రాసినవాళ్లకు బహుమతి. "మరి నాలుగే చదివితే?" అన్నాను. "లేదు, వెయ్యనివ్వరు" అంది, అది కూడా తెలీదా అన్నట్టు. మన పెద్దవాళ్ల ఓటుకు వయసు పద్ధెనిమిది నిండితే చాలు. ఏమీ చదవక్కర్లేదు.

ఆ బహుమతి పేరు టెక్సాస్ బ్లూబానెట్ అవార్డు. బ్లూబానెట్ ఆ రాష్ట్ర పుష్పం. వసంతకాలంలో రోడ్ల పక్కన నీలంగా పరుచుకుంటుంది. అక్కడి గ్రంథాలయ సంఘం 1979లో ఈ బహుమతిని మొదలుపెట్టింది. మూడో క్లాసు నుంచి ఆరో క్లాసు దాకా పిల్లలు ఓటర్లు. అంటే ఎనిమిదేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు అనుకోండి. మొదటి బహుమతి 1981లో ఇచ్చారు. అది ఏ పుస్తకానికి వచ్చిందో చెబితే నేనెందుకు ఈ మాటలన్నీ మొదలుపెట్టానో మీకు తెలుస్తుంది.

ఆ పుస్తకంలో రమోనా అని రెండో క్లాసు చదివే పిల్ల ఉంటుంది. వాళ్ల నాన్నకు ఉద్యోగం పోతుంది. ఇంట్లో డబ్బుకు కటకట. అమ్మా నాన్నా చిరాకుపడుతుంటారు. నాన్న ఇంట్లో కూచుని సిగరెట్లు కాలుస్తుంటే, ఆయన చేత ఎలాగైనా అవి మానిపించాలని ఈ పిల్ల నడుం కడుతుంది. అంతే కథ. రాక్షసులు లేరు, రాజకుమారులు లేరు. రాసినావిడ బెవర్లీ క్లియరీ. అమెరికాలో పిల్లల పుస్తకాలకు అన్నిటికన్నా పెద్ద గౌరవం న్యూబెరీ పతకం. దాన్ని 1922 నుంచి లైబ్రేరియన్ల కమిటీ, అంటే పెద్దవాళ్లు, ఇస్తున్నారు. 1978లో ఆ పెద్దవాళ్లు ఈ పుస్తకాన్ని గౌరవ జాబితాలో పెట్టారు గానీ పతకం వేరే పుస్తకానికిచ్చారు. మూడేళ్ల తర్వాత టెక్సాస్ పిల్లలు మాత్రం దీన్నే మొదట నిలబెట్టారు.

క్లియరీ గురించి ఒక సంగతి చెప్పాలి. ఆవిడ రచయిత్రి కాకముందు వాషింగ్టన్ రాష్ట్రంలో యాకిమా అనే ఊళ్లో పిల్లల లైబ్రేరియన్. ఒక కుర్రవాడు వచ్చి, మాలాంటి పిల్లల కథలు ఎక్కడున్నాయని అడిగాడట. ఆవిడ బీరువాలన్నీ వెతికినా వాడి చేతిలో పెట్టదగ్గ పుస్తకం పెద్దగా దొరకలేదు. 1950లో ఆవిడ మొదటి పుస్తకం వచ్చింది. మామూలు వీధిలో, మామూలు కుక్కతో తిరిగే ఒక మామూలు కుర్రవాడి కథ. ఆ ప్రశ్న అడిగినవాడు అప్పటికే పెద్దవాడైపోయి ఉంటాడు, పాపం.

నా చిన్నప్పటి బడి గుర్తొస్తోంది. హెడ్మాస్టరు గారి గదిలో అద్దాల బీరువా ఒకటుండేది. నిండా పుస్తకాలు. తాళం వేసి ఉండేది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. సంవత్సరానికి ఒకసారి, ఇన్‌స్పెక్షన్ ముందు, తీసి దుమ్ము దులిపేవాళ్లు. మహనీయుల జీవితాలు, నీతికథలు, ఆరోగ్యసూత్రాలు. అన్నీ మమ్మల్ని బాగుచేద్దామని కొన్నవే. కొన్ననాడు ఎలా ఉన్నాయో అలాగే మిలమిలా మెరుస్తూ ఉండేవి. అదే బీరువాలో కింది అరలో మాత్రం అట్ట ఊడిపోయి, మూలలు నలిగి, మధ్యలో పేజీలు ఎగిరిపోయిన చందమామల బైండు ఒకటి ఉండేది. తాళం లేని రోజుల్లో ఎవరెవరు చదివారో మరి. పిల్లల ఓటు ఎటు పడిందో కనుక్కోవడానికి వేరే బ్యాలెట్ పెట్టె అక్కర్లేదు, ఆ అట్ట చూస్తే చాలు.

ఈ సంగతి అందరికన్నా ముందు కనిపెట్టినవాడు పుస్తకాల కొట్టువాడు అంటే ఆశ్చర్యం లేదు. సియాటిల్ నగరంలో హ్యారీ హార్ట్‌మన్ అని ఒక పుస్తక వ్యాపారి ఉండేవాడు. ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తమకు సంతోషమిచ్చిన పుస్తకాన్ని తామే ఎంచుకునే అవకాశం ఉండాలని ఆయన పట్టు. 1940లో అమెరికా వాయవ్య ప్రాంతపు గ్రంథాలయ సంఘంతో కలిసి దాన్ని అమలులో పెట్టాడు. అమెరికా, కెనడాల్లో పిల్లలు ఎన్నుకునే పుస్తక బహుమతుల్లో అదే అన్నిటికన్నా పాతది. వ్యాపారి కదా, పుస్తకాలు అమ్ముడుపోతాయన్న ఆలోచన కూడా ఉండే ఉంటుందని నా అనుమానం. ఉంటే ఉండనివ్వండి.

అయితే నాకు బాగా నచ్చిన కథ సియాటిల్‌ది కాదు, కాన్సస్‌ది. గోధుమ పొలాల రాష్ట్రం. అందులో ఎంపోరియా అనే చిన్న ఊరు. ఆ ఊళ్లో విలియం ఆలెన్ వైట్ అని ఒక పత్రికా సంపాదకుడు ఉండేవాడు. పత్రిక చిన్నదే గానీ ఆయన సంపాదకీయాలు దేశమంతా చదివేది. 1923లో పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. ఆయనకు మేరీ అని ఒక కూతురు. పదేళ్లు నిండేలోపే మార్క్ ట్వేన్, డికెన్స్, కిప్లింగ్‌లను చదివేసిన పిల్ల. ఇంట్లో కూచుని చదివే రకం మాత్రం కాదు, గుర్రమెక్కి ఊరంతా తిరిగేది. 1921 మే నెలలో అలా గుర్రం మీద వెళుతూ, ఎదురైన స్నేహితుడికి చెయ్యి ఊపింది. గుర్రం పక్కకు మళ్లింది. చెట్టుకొమ్మ తలకు తగిలింది. కొన్ని రోజులకే పోయింది. పదహారేళ్లు.

కూతురు పోయిన దుఃఖంలోనే ఆ తండ్రి తన పత్రికలో ఒక సంపాదకీయం రాశాడు. పిల్ల ఎంత మంచిదో అని ఏడుస్తూ రాసింది కాదు. ఎలా నవ్వేది, ఎలా పోట్లాడేది, తెలిసినవాళ్లనూ తెలియనివాళ్లనూ ఎలా పలకరించేది, అవి రాశాడు. హైస్కూల్లో నల్లజాతి ఆడపిల్లలకు విశ్రాంతి గది ఉండాలని ఆ పిల్ల చివరిదాకా ప్రయత్నించిందని కూడా రాశాడు. ఆ సంపాదకీయాన్ని దేశమంతా మళ్లీ మళ్లీ అచ్చు వేసుకున్నారు.

వైట్ 1944లో పోయాడు. తర్వాత, రూత్ గాలియార్డో అనే ఆవిడ చొరవతో, ఎంపోరియాలోని టీచర్ల కాలేజీ ఆయన పేరు మీద పిల్లల పుస్తకాలకు బహుమతి పెట్టింది. రాష్ట్రంలోని బడిపిల్లలు ఓటర్లు. మొదటి బహుమతి 1953లో. కాన్సస్ పిల్లలు అప్పుడు ఎన్నుకున్న పుస్తకం ఏమిటో ఊహించండి. ఆటల కథో, దయ్యాల కథో అనుకుంటాం. కాదు. ఆఫ్రికాలో పుట్టి, బానిసగా అమెరికాలో అమ్ముడుపోయి, దాదాపు అరవయ్యేళ్ల వయసులో తన స్వేచ్ఛను తానే కొనుక్కుని, తోళ్లు పదును చేసే పనిలో పేరు తెచ్చుకున్న ఏమాస్ ఫార్చ్యూన్ అనే మనిషి జీవితకథ. ఎలిజబెత్ యేట్స్ రాసింది. 1951లో పెద్దవాళ్ల న్యూబెరీ పతకం కూడా దానికే వచ్చింది. పిల్లల చేతిలో ఓటు పెడితే చాక్లెట్లకే వేస్తారని భయపడేవాళ్లు ఈ ఒక్క ఫలితం చూడాలి. మేరీ బతికి ఉంటే అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. తన ఓటు ఎటు వేసేదో నాకు అనుమానం లేదు.

సరే, చాక్లెట్ల మాట వచ్చింది కాబట్టి అవతలి పక్క కూడా చెప్పాలి. ఇంగ్లండులో 1985 నుంచి 2007 దాకా ఒక బహుమతి ఉండేది. దానికి డబ్బు పెట్టింది చాక్లెట్ల కంపెనీ వాళ్లు. స్మార్టీస్ అనే రంగురంగుల చాక్లెట్ బిళ్లల పేరే బహుమతికీ పెట్టారు. అక్కడ పెద్దలు కొన్ని పుస్తకాలు ఏరి ఇస్తే, వాటిలో బంగారం ఏది, వెండి ఏది, కంచు ఏది అని పిల్లలు తేల్చేవాళ్లు. 1997లో ఒక కొత్త రచయిత్రి మొదటి పుస్తకానికి బంగారం ఇచ్చారు పిల్లలు. హ్యారీ పాటర్. అప్పటికింకా ప్రపంచానికి ఆ పేరు సరిగా తెలీదు. 1998లో రెండో భాగానికీ, 1999లో మూడో భాగానికీ మళ్లీ బంగారమే. నాలుగో భాగం వచ్చేసరికి రౌలింగే, నా పుస్తకాన్ని పోటీలో పెట్టకండని తప్పుకుంది. మొదటి ఏడాది పిల్లలు ఒక పుస్తకాన్ని కనిపెట్టారు. మూడో ఏడు వచ్చేసరికి అది కనిపెట్టడమో, గుంపుతో పోవడమో చెప్పడం కష్టం. పెద్దవాళ్ల ఎన్నికల్లో లేదా ఈ జబ్బు అంటారా, ఉంది. అందుకే నేను పిల్లల్ని ఆ ఒక్క విషయంలో ఏమీ అనను.

ఇంకో ఆక్షేపణ దీనికన్నా గట్టిది. ఓటు పిల్లలదే, సరే. జాబితా ఎవరిది? టెక్సాస్ ఇరవై పుస్తకాలు ఏరేది పెద్దవాళ్లే. కాన్సస్ జాబితా కూడా పెద్దవాళ్లదే. అంటే వడ్డించేది మనం, ఏ కూర బాగుందో చెప్పేది వాళ్లు. కూరలన్నీ మనకు నచ్చినవే! ఇంగ్లండులో 1980లో మొదలైన ఇంకొక బహుమతి దీనికి కొంత విరుగుడు కనిపెట్టింది. పిల్లల పుస్తకాలంటే ఇష్టమున్న తల్లిదండ్రులూ టీచర్లూ ఊరూరా పెట్టుకున్న సంఘాల సమాఖ్య నడిపే బహుమతి అది. కొత్తగా అచ్చయిన పుస్తకాల్ని కట్టలు కట్టి పిల్లల దగ్గరికే పంపిస్తారు. వాళ్లు చదివి మార్కులు వేస్తే, ఆ మార్కుల్ని బట్టి జాబితా తయారవుతుంది. మొదటిసారి గెలిచింది క్వెంటిన్ బ్లేక్ బొమ్మల పుస్తకం. అన్నీ ఉండి, బూటు మాత్రం ఒక్కటే ఉన్న ఒక పెద్దమనిషి కథ. రెండో కాలికి జోడు లేదు, అదీ ఆయన బాధ! ఆ ఏడాది బొమ్మలకిచ్చే పెద్దవాళ్ల పతకమూ దానికే రావడం విశేషం.

నాకు అన్నిటికన్నా నచ్చింది అక్కడ ఇచ్చే కానుక. చివరి జాబితాలోకి వచ్చిన రచయితలకు, తమ పుస్తకం చదివి పిల్లలు రాసిన ఉత్తరాలూ, వేసిన బొమ్మలూ ఒక సంపుటంగా చేసి ఇస్తారు. రచయితకు శాలువా కన్నా అది వెచ్చగా ఉంటుందని నేననుకుంటాను.

మన దగ్గర కేంద్ర సాహిత్య అకాడెమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. తెలుగులో మొదటిది కలువకొలను సదానంద గారి 'అడవితల్లి'కి వచ్చింది. మంచి ఎంపికే. కానీ తీర్పు చెప్పేది ముగ్గురు పెద్దలు. పిల్లల మాటకు పీట వేయడం మనకు కొత్తేమీ కాదు. ఇదే రేడియోలో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారూ, అక్కయ్య కామేశ్వరి గారూ పిల్లల్నే మైకు ముందు కూచోబెట్టి ఆటలూ పాటలూ నడిపించారు. 1945లో వాళ్లు 'బాల' పత్రిక కూడా పెట్టారు. మైకు ఇచ్చినవాళ్లకు ఓటివ్వడం ఎంతసేపు?

నేను ఉద్యోగం చేసే రోజుల్లో ఒకసారి ఇచ్చి చూశాను. ఇరవై ఏళ్ల కిందటి మాట. జిల్లా పరిషత్తు హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఆరు, ఏడు క్లాసుల పిల్లలకు పన్నెండు కథల పుస్తకాలు బల్లమీద పరిచాను. మూడు చదివితే ఓటు. నెల రోజుల గడువు. పిల్లలు మొదటి వారమంతా చూసి ఊరుకున్నారు. రెండో వారంలో ఒక పల్చటి పిల్లిదయ్యం పుస్తకం మాయమైంది. మూడో రోజుకు అది తిరిగొచ్చేసరికి దాని కోసం ఆరుగురు కాచుక్కూచున్నారు. నాకు ప్రాణమైన పుస్తకం ఒకటుంది అందులో. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పిల్లలు చూడనప్పుడు దాన్ని రెండుసార్లు పైకి జరిపాను కూడా. ఎన్నికల అక్రమమే, ఒప్పుకుంటున్నాను.

ఓటింగు రోజున ఏడో క్లాసు కుర్రవాడొకడు వచ్చాడు. రెండే చదివాడు. ఓటు కావాలన్నాడు. లేదన్నాను. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక చూస్తే వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి మూడో పుస్తకం చదువుతున్నాడు. కంచం పక్కనే పెట్టుకున్నాడు, అన్నం చల్లారిపోతోంది. మూడింటికి వచ్చి కథ అడగండన్నాడు. అడిగాను. గడగడా చెప్పాడు. చీటీ ఇచ్చాను.

లెక్కపెట్టేటప్పుడు ఆ చీటీ బయటపడింది. పుస్తకం పేరు రాయాల్సిన చోట ఇలా రాసి ఉంది: "మూడూ చదివాను. మూడూ బాగాలేవు."

అప్పటికి మన ఎన్నికల్లో నోటా ఇంకా రాలేదు. లెక్కల మాస్టారు ఆ ఓటు చెల్లదన్నారు. "ఎందుకు చెల్లదండీ, నిబంధన ప్రకారం చదివాడుగా" అన్నాను నేను. స్టాఫ్ రూములో అరగంట వాదన. చివరికి నల్లబల్ల మీద ఫలితాలు రాసేటప్పుడు, పిల్లిదయ్యానికి ముప్ఫై ఒకటి, నా ప్రాణమైన పుస్తకానికి రెండు, అన్నిటికన్నా అడుగున ఇంకో వరస కలిపాం: ఏదీ కాదు, ఒకటి.