కయీను భార్య ఎవరు?

శ్రోతలకు నమస్కారం. మీ ఇంట్లో సండే స్కూల్‌కి వెళ్లే పిల్లలుంటే ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు మీదాకా వచ్చే ఉంటుంది. కయీను భార్య ఎవరు? పదేళ్లప్పుడు నేనూ అడిగాను. "అలాంటివి అడగకూడదు, కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ప్రశ్న మాత్రం పోలేదు.

చూడండి, బైబిల్ కథలో మొదటి మనుషులు ఆదాము, హవ్వ, వాళ్లకు ఇద్దరు కొడుకులు, కయీను, హేబెలు. తమ్ముణ్ణి చంపిన కయీను, నేను ఎవరి కంటబడితే వాళ్లు నన్ను చంపేస్తారు అని భయపడతాడు. ఎవరు చంపుతారు? తర్వాత నోదు దేశం వెళ్తాడు, అక్కడ భార్య ఉంది, కొడుకు పుట్టాడు, ఏకంగా ఒక ఊరే కట్టించాడు. ఆ ఊళ్లో ఉండేదెవరు?

సరిగ్గా ఇదే అడిగాడు ఫ్రాన్స్‌లో బోర్డో వాడు ఒకాయన, ఐజాక్ లా పెరేర్. ఆదాము యూదులకే మూలపురుషుడు, ఆయనకన్నా ముందే లోకంలో మనుషులున్నారు అని 1655లో పుస్తకం వేశాడు. బైబిల్ అబద్ధం అనడానికి కాదు, బైబిల్‌ని నమ్మి, మళ్లీ మళ్లీ చదివి, కయీను కథ దగ్గర, పౌలు రోమీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయం దగ్గర ఆగిపోయి రాశాడు. పారిస్‌లో ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. 1656లో ఆయన్ని అరెస్టు చేశారు. చివరికి రోమ్ వెళ్లి, పోప్ ముందు ఆ మాట వెనక్కి తీసుకుంటేగానీ గండం గడవలేదు. నాకు ఆయనంటే చాలా ఇష్టం. కానీ ఒక్కచోట ఆయనతో కలవలేను. మనుషులకు వేర్వేరు మూలాలు అన్న ఆలోచనను తర్వాతి తరాల్లో కొందరు పట్టుకుని, నల్లవాళ్లు మనవాళ్లు కాదంటూ బానిసత్వాన్ని సమర్థించుకున్నారు. అది ఘోరం.

ఇక మన దగ్గరికి వద్దాం. నంద్యాల జిల్లా, బనగానపల్లె దగ్గర జ్వాలాపురం. అక్కడ నేలలో తెల్లటి బూడిద పొర ఉంది, పిండిలా మెత్తగా ఉంటుంది, గిన్నెలు తోమే పౌడర్ కోసం తవ్వి అమ్మేవారు. దాదాపు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలితే ఎగిరొచ్చి పడిన బూడిద అది. దాని పైన రాతి పనిముట్లు దొరికాయి, దాని కిందా దొరికాయి. కింద, అంటే ఆ బూడిద రాలకముందే, అక్కడ ఎవరో కూర్చుని రాయి చెక్కారు.

మరి ఆదాము? హీబ్రూలో ఆదాం అంటే మనిషి, అదామా అంటే నేల. మన తెలుగు బైబిల్ కూడా ముందు "నరుడు" అనే అంటుంది. సృష్టి ఏ సంవత్సరంలో జరిగిందో బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండంలో ఎక్కడా లేదు. క్రీస్తు పూర్వం 4004 అన్నది ఐర్లండ్ ఆర్చిబిషప్ అషర్ 1650లో వేసిన లెక్క. ఆ లెక్క పోతే నా విశ్వాసం పోదు. మట్టితో చేసినవాడు, దేవుడు ఊపిరి ఊదినవాడు, ఆ మాట జ్వాలాపురంలో రాయి చెక్కిన మనిషికీ వర్తిస్తుందనే నేను నమ్ముతాను. లేదు, కయీను భార్య అతని చెల్లెలే, ఆదికాండం ఐదో అధ్యాయంలో ఆదాముకు ఇంకా కుమారులు, కుమార్తెలు ఉన్నారని రాసుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. అది పాత జవాబు, దానికీ ఆధారం ఉంది.

నేను అడిగేది ఒక్కటే. పిల్లలు ఈ ప్రశ్న అడిగితే టెన్షన్ పడకండి, కూర్చో అనకండి. ఆదికాండం నాలుగో అధ్యాయం తీయండి, పదమూడో వచనం నుంచి పదిహేడు దాకా. ఐదు వచనాలే. వాళ్లచేతే పైకి చదివించండి, పక్కనే కూర్చుని వినండి.