చీకటి దారిలో సైకిలు దీపం

శ్రోతలకు నమస్కారం.

వరి కోతలైతే మన పల్లెల్లో తారు రోడ్డే కల్లం. పగలంతా సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. పొద్దుగూకగానే కుప్ప చేసి నల్ల పట్టా కప్పుతారు, అది ఎగిరిపోకుండా అంచుల వెంట బండరాళ్లు పేరుస్తారు. లారీకి పెద్ద లైట్లుంటాయి, తప్పుకుని పోతుంది. సైకిలు మీద వచ్చేవాడి సంగతేమిటి? నల్ల రోడ్డు మీద నల్ల పట్టా. చక్రం రాయికి తగిలాకే తెలుస్తుంది.

టైరుకు ఆనుకుని గిర్రున తిరిగే డైనమో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 6 వోల్టులు, 3 వాట్లు. తొక్కితే వెలుగు, ఆగితే చీకటి. ఎత్తు ఎక్కుతూ మనం నీరసిస్తే అదీ నీరసించేది. ఇప్పుడు ఛార్జింగ్ ఎల్‌ఈడీ లైట్లు వచ్చాయి కాబట్టి ఆ బాధ లేదు. అయినా ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో హ్యాండిల్ పట్టుకుని తొక్కేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. బ్రేకు వెయ్యాల్సి వస్తే ఏ చెయ్యి వదులుతారో మరి!

ఎంత వెలుగు కావాలి? గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. అడ్డం కనబడి, బ్రేకు నొక్కి, సైకిలు ఆగేసరికి 10 మీటర్లు దాటిపోతాం. అందుకని దీపం కనీసం 15 మీటర్ల దూరం చూపించాలి. దీపం ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. వీధి దీపాలున్న ఊళ్లో 200 ల్యూమెన్లు సరిపోతాయి, చిమ్మచీకటి రోడ్డుకు 400 నుంచి 600 ఉండాలి. అట్టపెట్టె మీద 5,000 అని అచ్చేసిన చవక లైట్లను మాత్రం నమ్మకండి. వాటుకు 100 ల్యూమెన్ల లెక్కన దానికి 50 వాట్లు కావాలి. వేలెడంత బ్యాటరీలో ఉండేది 10 వాట్-అవర్లు, అంటే 10 వాట్ల దీపం గంటసేపు వెలిగేంత, కాస్త అటూఇటూగా. పావుగంటలో ఖాళీ.

నన్నడిగితే వెలుగు ఎంతన్న దానికన్నా ఎక్కడ పడుతోందన్నదే ముఖ్యం. టార్చిలాంటి గుండ్రటి వెలుగులో సగం చెట్లకూ, ఎదురొచ్చేవాళ్ల కళ్లకూ పోతుంది. జర్మనీలో సైకిలు దీపం వెలుగుకీ కారు లైటులా పైఅంచు కోసినట్టుండాలని నిబంధన. మన దగ్గర అలాంటివి దొరకడం కొంచెం కష్టమే. దొరక్కపోతే లైటునే కిందికి వంచండి. సైకిలును గోడకు 5 మీటర్ల దూరంలో నిలబెట్టి చూడండి. లైటు మీటరు ఎత్తులో ఉంటే, గోడ మీద వెలుగు నడిబొడ్డు అంతకన్నా జానెడున్నర కిందికి పడాలి. అలా పెడితే రోడ్డు మీద 15 మీటర్ల దగ్గర పడుతుంది. చీకట్లో మిణుకుమిణుకు మోడ్ వద్దు, దూరం అంచనా అందదు.

టౌన్లో ఉండేవాళ్లకు మరో చిక్కు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకు హెడ్‌లైటు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటోంది. అన్ని వెలుగుల మధ్య దీపం లేని సైకిలు కంటికి ఆనదు. ముందు తెల్లది, వెనక ఎర్రది, రెండూ పెట్టుకోండి.

టీ తాగడానికి ఆగితే మాత్రం లైటు ఊడదీసి జేబులో వేసుకోండి. రబ్బరు పట్టీ ఊడదీయడం మీకెంత తేలికో, ఇంకొకరికీ అంతే తేలిక.