ఇంటి కంప్యూటర్‌లో మాల్వేర్: ఫ్రీ స్కానర్లలో ఏది పనికొస్తుంది, ఏది ఎక్కడ చేతులెత్తేస్తుంది

నమస్తే అండీ. ఇంట్లో వాడుకునే విండోస్ కంప్యూటర్‌లోకి ఏదో మాల్వేర్, అంటే హాని చేసే ప్రోగ్రామ్, దూరిందని అనుమానం వచ్చిందనుకోండి. ఏ పనీ చేయకపోయినా ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది, బ్రౌజర్‌లో సెర్చ్ ఇంజిన్ దానంతటదే మారిపోయింది, మీరు చేయని లాగిన్ల గురించి మెయిల్స్ వస్తున్నాయి. అప్పుడు ఫ్రీగా దొరికే స్కానర్లలో ముందు దేన్ని నడపాలి, దేని మాట ఎంతవరకు నమ్మాలి, ఎక్కడ ఆపేసి విండోస్ మళ్లీ వేసుకోవాలి, ఇవాళ అదే చూద్దాం. నా తీర్పు ముందే చెప్పేస్తా. చాలా ఇళ్లలో కొత్తగా యాంటీవైరస్ కొనక్కర్లేదు. కానీ స్కాన్ అయ్యాక వచ్చే పచ్చ టిక్కు చూసి లేచి వెళ్లిపోతే పని సగంలో వదిలేసినట్టే.

స్కానర్ల దగ్గరికి వెళ్లే ముందు స్క్రీన్ కుడి మూల చూడండి. "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అని ఎర్ర గుర్తుతో ఒక పెట్టె వచ్చింది కదా, దాన్ని కాస్త జూమ్ చేస్తున్నా. సన్నటి అక్షరాల్లో బ్రౌజర్ పేరు, పక్కనే ఎప్పుడూ వినని సైట్ అడ్రస్. అంటే ఇది బ్రౌజర్ నోటిఫికేషన్. ఎప్పుడో ఏదో సైట్ "మీరు రోబో కాదని తేలాలంటే అలౌ నొక్కండి" అంది, నొక్కేశారు. కంప్యూటర్‌లో ఫైల్ అంటూ ఏదీ లేదు కాబట్టి ఎన్ని స్కానర్లు నడిపినా ఏమీ దొరకదు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సైట్ పర్మిషన్లు, అందులో నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి ఆ అడ్రస్ తీసేయండి, గొడవ వదిలిపోతుంది. స్క్రీన్ మొత్తం కమ్మేసి ఫోన్ నంబర్ చూపిస్తూ గోల చేసే పేజీ వస్తే ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోండి, లేదా ఆల్ట్ ఎఫ్4 కొట్టండి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే హెచ్చరికల్లో ఫోన్ నంబర్ అనేదే ఉండదు.

సరే, నిజంగానే ఏదో ఉందనుకుందాం. మొదట మీ దగ్గర ఉన్నదే నడపండి. విండోస్ 10, 11తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్ నొక్కితే నాలుగు కనిపిస్తాయి: క్విక్, ఫుల్, కస్టమ్, ఆఫ్‌లైన్. అందరూ క్విక్ నొక్కుతారు. తప్పేం లేదు, మెమరీలో నడుస్తున్నవి, స్టార్టప్‌లో లేచేవి, మాల్వేర్ ఎక్కువగా నక్కే చోట్లు అది చూసేస్తుంది. ఫుల్ స్కాన్ గంటల తరబడి నడుస్తుంది. నాకు నచ్చింది మాత్రం ఎవరూ ముట్టుకోని ఆ చివరిది, ఆఫ్‌లైన్ స్కాన్.

ఎందుకంటే విండోస్ నడుస్తున్నప్పుడు లోపలున్న మాల్వేర్ కూడా నడుస్తూనే ఉంటుంది. రూట్‌కిట్లు అనే లోతుగా నక్కే రకాలు కొన్ని తమ ఫైళ్లు స్కానర్ కంటపడకుండా విండోస్‌నే మభ్యపెడతాయి. ఆఫ్‌లైన్ స్కాన్ కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, మామూలు విండోస్ లేవకముందే రిపేర్ కోసం విడిగా ఉండే రికవరీ వాతావరణంలో నడుస్తుంది. ఇదిగో, నీలం స్క్రీన్ మీద స్కాన్ సాగుతోంది. పావుగంట పడుతుందని మైక్రోసాఫ్ట్ చెబుతుంది, మొదలుపెట్టే ముందు ఓపెన్‌లో ఉన్న ఫైళ్లన్నీ సేవ్ చేసుకోండి. నాకు నచ్చనిది కూడా చెప్తా. అయిపోయాక విండోస్ మామూలుగా లేస్తుంది తప్ప, ఏం జరిగిందో ఎదురుగా చెప్పదు. ప్రొటెక్షన్ హిస్టరీలోకి మీరే వెళ్లి వెతుక్కోవాలి.

అక్కడే ఉన్నాం కాబట్టి, అదే పేజీలో సెట్టింగ్స్ అడుగున ఎక్స్‌క్లూజన్స్ అని ఒకటుంది, అది కూడా తెరవండి. ఇది చాలామంది జన్మలో చూసి ఉండరు. ఇక్కడ రాసి ఉన్న ఫోల్డర్ల వైపు డిఫెండర్ కన్నెత్తి చూడదు. మాల్వేర్ ఒకసారి అడ్మిన్ హక్కులు సంపాదించిందంటే తన ఫోల్డర్‌ను, ఒక్కోసారి ఏకంగా సీ డ్రైవ్ మొత్తాన్ని ఇక్కడ చేర్చేస్తుంది. ఆ తర్వాత మీరెన్ని స్కాన్లు చేసినా ఫలితం సున్నానే. మీరు పెట్టనిది ఏదైనా కనిపిస్తే తీసేసి మళ్లీ స్కాన్ చేయండి. డబ్బు కట్టకుండా వాడే క్రాక్ (దొంగ కాపీ) సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే రీడ్‌మీ ఫైల్‌లో "ముందు యాంటీవైరస్ ఆపేయండి, అది ఊరికే అరుస్తుంది" అని ఉంటుంది చూశారా? అరిచేది ఊరికే కాదు మరి.

యాంటీవైరస్ అసలు మేలుకుని ఉందా అని తేల్చుకోవడానికి ఐకార్ టెస్ట్ ఫైల్ ఉంది. 68 అక్షరాల చిన్న టెక్స్ట్, హాని ఏమీ చేయదు, కానీ యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌లాగే పట్టుకోవాలని ఒప్పందం. డౌన్‌లోడ్ చేయగానే డిఫెండర్ పట్టేసింది, చూశారుగా. దీంతో కాపలా పనిచేస్తోందని మాత్రమే తెలుస్తుంది. ఐకార్‌ను పట్టుకుంది కాబట్టి ఫలానాది గొప్ప యాంటీవైరస్ అని చెప్పే వీడియోలను పట్టించుకోకండి.

ఇక రెండో అభిప్రాయం. మాల్వేర్‌బైట్స్ ఫ్రీ వెర్షన్ స్కాన్ చేస్తుంది, దొరికింది తీసేస్తుంది, ఇంటికి అది చాలు. ఇన్‌స్టాల్ చేసినప్పుడు ప్రీమియం ట్రయల్ మొదలైతే, అదే అసలు యాంటీవైరస్‌గా నమోదై డిఫెండర్ పక్కకు తప్పుకోవచ్చు. రెండూ ఉండాలంటే దాని సెట్టింగ్స్‌లో విండోస్ సెక్యూరిటీ సెంటర్‌లో నమోదయ్యే ఆప్షన్ ఆపేయండి. టూల్‌బార్లు, సెర్చ్ ఇంజిన్‌ను మార్చేసే హైజాకర్లు, ప్రకటనలు గుప్పించే యాడ్‌వేర్ లాంటి చిల్లర సరుకుకు ఆ కంపెనీదే ఆడ్‌వ్‌క్లీనర్ ఇంకా తేలిక, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. కానీ అది ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన సాఫ్ట్‌వేర్‌ను కూడా ఒక జాబితాలో చూపిస్తుంది. అవి మాల్వేర్ కాదు, చదవకుండా అన్నిటికీ టిక్కు పెట్టేయకండి. ఈసెట్ ఆన్‌లైన్ స్కానర్ నిదానం, కానీ లోతుగా వెతుకుతుంది.

మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ సంగతి విడిగా చెప్పాలి, భయపెట్టేస్తుంది కాబట్టి. డౌన్‌లోడ్ చేసిన 10 రోజులకు దాని గడువు తీరిపోతుంది, మళ్లీ కొత్తది దించుకోవాలి. స్కాన్ సగంలో ఉండగా ఇన్‌ఫెక్టెడ్ ఫైల్స్ అని అంకె పెరుగుతూ పోతుంది, గుండె జారుతుంది. తీరా చివర్లో ఏమీ లేదంటుంది. మధ్యలో కనిపించేది ప్రాథమిక అనుమానం, తేల్చేది చివరి ఫలితమే. విండోస్ అప్‌డేట్స్‌తో పాటు వచ్చే మాల్వేర్ రిమూవల్ టూల్ 2005 నుంచీ ఉంది, కానీ అది చూసేది బాగా వ్యాపించిన కొన్ని రకాలనే. దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

ఒక్క ఫైల్ మీదే అనుమానమైతే వైరస్‌టోటల్ సైట్‌లో అప్‌లోడ్ చేయండి. 2012 నుంచి గూగుల్ చేతిలో ఉంది, డెబ్బైకి పైగా యాంటీవైరస్ ఇంజిన్లతో ఒకేసారి పరీక్షించి చూపిస్తుంది. పేరు వినని ఒకటి రెండు ఇంజిన్లు మాత్రమే ఎర్రగా చూపిస్తే అది పొరపాటు కావచ్చు. పేరున్నవి నాలుగైదు ఒకే మాట చెబితే ఫైల్ తీసేయండి. బ్యాంకు కాగితాలు, గుర్తింపు కార్డుల స్కాన్లు మాత్రం అక్కడ అప్‌లోడ్ చేయకండి. అక్కడికి వెళ్లిన ఫైళ్లు చందా కట్టిన పరిశోధకులకు అందుతాయి.

"తీసేశా, మర్నాడు మళ్లీ వచ్చేసింది" అనే కేసు చాలా మొండిది. దానికి నేను వాడేది ఆటోరన్స్, మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్‌ఇంటర్నల్స్ అనే ఉచిత టూల్స్‌లో ఒకటి. ఇది వైరస్‌ను పట్టదు, విండోస్ లేచినప్పుడు వెంట ఏమేం లేస్తున్నాయో మొత్తం పరిచి చూపిస్తుంది. ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్‌వి దాచేస్తే జాబితా చిన్నదవుతుంది. వైరస్‌టోటల్ తనిఖీ కూడా అక్కడే ఆన్ చేసుకోవచ్చు. ఇప్పుడు షెడ్యూల్డ్ టాస్క్స్, అంటే విండోస్ దానంతటదే నడిపే పనుల జాబితా, చూడండి. ఈ వరసకు పేరు అమాయకంగా "అప్‌డేట్ సర్వీస్" అని ఉంది, కంపెనీ పేరు ఖాళీ. నడిపేది విండోస్‌లో కమాండ్లు నడిపే పవర్‌షెల్, విండో కనబడకుండా, వెనకాల అర్థం కాని అక్షరాల చాంతాడు. ఇదే అసలు దోషి. స్కానర్ ఫైల్‌ను తీసేసింది, కానీ ఈ టాస్క్ మిగిలిపోయి ఆ ఫైల్‌ను మళ్లీ దించుకుంటోంది. చెరిపేయకండి, ముందు టిక్కు మాత్రం తీసి రీస్టార్ట్ చేయండి. ఏదైనా అవసరమైనది ఆగిపోతే టిక్కు తిరిగి పెట్టుకోవచ్చు.

ఇక్కడిదాకా వచ్చింది ఫైళ్ల గొడవే. రెడ్‌లైన్, లుమ్మా లాంటి స్టీలర్లతో, అంటే సమాచారం దొంగిలించే మాల్వేర్‌తో, కథ వేరు. అవి బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (మీరు లాగిన్ అయ్యారని సైట్‌కు గుర్తుచేసే చిన్న ఫైళ్లు) కొద్ది నిమిషాల్లోనే ఎత్తుకుపోతాయి, కొన్ని పని కాగానే తమను తామే చెరిపేసుకుంటాయి. మీరు స్కాన్ చేసేసరికి నిజంగానే ఏమీ ఉండదు, టిక్కు పచ్చగానే వస్తుంది. దొంగ వెళ్లిపోయాడు, కానీ తాళంచెవి నకలు వాడి జేబులో ఉంది. ఈమధ్య ఇవి ఎక్కువగా వచ్చే దారి నకిలీ క్యాప్చా, అంటే మీరు రోబో కాదని తేల్చే పరీక్షలా కనిపించే మోసం. "విండోస్ కీ, ఆర్ నొక్కి, పేస్ట్ చేసి ఎంటర్ కొట్టండి" అని సైట్ అడుగుతుంది. ఆ కీలు నొక్కితే కమాండ్లు నడిపే రన్ బాక్స్ తెరుచుకుంటుంది, నిజమైన క్యాప్చా దాని జోలికి రాదు. అలా చేసి ఉంటే ముందు ఇంటర్నెట్ తీసేయండి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్‌లోనో వేరే కంప్యూటర్‌లోనో మార్చండి, మొదట మెయిల్, తర్వాత బ్యాంకు. ప్రతి చోటా "అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్" నొక్కండి. దొంగిలించిన కుకీ ఉన్నవాడికి ఓటీపీ కూడా అక్కర్లేకపోవచ్చు.

స్టీలర్ గానీ, దూరం నుంచి మీ మెషిన్ నడిపే ట్రోజన్ గానీ బయటపడితే నేనైతే స్కానర్ల మీద సాయంత్రం వృథా చేయను. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రమే కాపీ చేసుకుంటా, ఇన్‌స్టాలర్లు, జిప్‌లు తీసుకోను. విండోస్ సెట్టింగ్స్‌లోని రీసెట్ దిస్ పీసీలో రిమూవ్ ఎవ్రీథింగ్ (అన్నీ చెరిపేయడం), దాంతో క్లౌడ్ డౌన్‌లోడ్ (విండోస్‌ను మైక్రోసాఫ్ట్ నుంచి కొత్తగా దించుకోవడం) ఎంచుకుంటా. ఫైళ్లు ఉంచే ఆప్షన్ ఎంచుకుంటే అనుమానపు ఫైల్ కూడా మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అలాగే మిగలొచ్చు. ఒకవేళ అది రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రకం) అయి ఫైళ్లన్నీ తాళం పడి ఉంటే ఆ ఫైళ్లను చెరపకండి, విడిగా దాచండి. 2016లో యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్, నెదర్లాండ్స్ (డచ్) పోలీసులు, కొన్ని సెక్యూరిటీ కంపెనీలు కలిసి పెట్టిన నో మోర్ రాన్సమ్ సైట్‌లో కొన్ని రకాలకు తాళం తీసే టూల్స్ ఉచితంగా దొరుకుతాయి. ఇవాళ లేనిది కొన్నాళ్లకు రావచ్చు.

నేను చూపించిన టూల్స్ అన్నీ తయారుచేసిన వాళ్ల సొంత సైట్ల నుంచే దించుకోండి. సెర్చ్‌లో పేరు కొడితే పైన వచ్చే ప్రకటనల మీద నొక్కకండి. పేరున్న సాఫ్ట్‌వేర్ ముసుగులో ఆ ప్రకటనల ద్వారానే మాల్వేర్ అంటగట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఉంటానండీ.